కట్ట మీద మైసమ్మ, కట్ట కింద మడి

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నానికి ఆ పేరు గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కులీ కుతుబ్ షా నుంచి వచ్చింది. 1550 నుంచి 1580 దాకా ఏలినవాడు. ఊరి పెద్ద చెరువు కూడా ఆయన కాలం నాటిదేనని జనం చెప్పుకుంటారు. చెరువు తవ్వించింది ఎవరైనా కట్టను కాసేది మాత్రం మైసమ్మ తల్లే. తెలంగాణలో ఏ పెద్ద చెరువు కట్ట ఎక్కినా పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టిన రాయో, మనిషి వంగి దూరేంత గుడో కనబడుతుంది. ఆమే కట్ట మైసమ్మ. సుల్తాను చెరువుకు మైసమ్మ కావలి ఏమిటని ఇక్కడ ఎవరికీ అనుమానం రాదు. కట్ట తెగితే వరద ఎవరి పొలమని అడిగి రాదు కదా.

మతానికీ ఆస్తికీ, మతానికీ పెత్తనానికీ ఉన్న సంబంధం మీద బరువైన పుస్తకాలు చాలా ఉన్నాయి. వాటి జోలికి పోయేముందు ఇలాంటి కట్ట మీద నిలబడి కిందికి చూస్తే సగం సంగతి అర్థమవుతుంది. కట్ట కింద ఆనుకుని ఉండేది తరి భూమి. రెండు పంటలు పండేది అదే. నిజాం కాలంలో చాలా ఊళ్ళలో ఆ తరిలో మంచి మడులన్నీ దేశ్‌ముఖ్‌వో, పటేల్‌వో, పట్వారీవో, మక్తేదారువో అయి ఉండేవి. చెరువుకు దూరంగా, నీళ్ళు అందని ఖుష్కి భూమి చిన్న రైతులది. మాల మాదిగలకు ఆ ఖుష్కి కూడా దక్కింది తక్కువ.

ఇక తూము తెరిచి, కాలువల వెంట తిరిగి, ఏ మడికి ఎంత నీరు పోవాలో చూసే మనిషిని నీరడి అంటారు. ఎక్కువ ఊళ్ళలో ఆయన దళితుడే. ఊరందరి పొలాలకూ నీళ్ళు పారేది ఆయన చేతి మీదుగా. అదే మనిషి ఊరి బావిలో చేద వేస్తే మైలపడినట్టు! అన్నం పండించే నీటిని ముట్టవచ్చు, తాగే నీటిని ముట్టరాదు. ఇందులో తర్కం వెతకడం దండగ. నీరడి లేకపోతే దొర మడి ఎండిపోతుంది కాబట్టి అక్కడ మైల లేదు, అంతే. ఆ పనికి ప్రతిఫలంగా ఆయనకు కొద్దిపాటి ఇనాం చెక్క ఉండేది, కల్లం దగ్గర నాలుగు గింజలు రాలేవి. 1955లో హైదరాబాద్ రాష్ట్రం ఇనాంల రద్దు చట్టం చేసింది. కానీ దానిలో అసలైన సెక్షన్లు 1973 నవంబర్ 1 దాకా అమల్లోకే రాలేదు. పద్దెనిమిదేళ్ళలో రికార్డుల్లో ఎన్ని పేర్లు మారి ఉంటాయో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు పండుగ రోజు చూద్దాం. ఆషాఢంలోనో శ్రావణంలోనో ఊరు పోచమ్మకో మైసమ్మకో బోనాలు తీస్తుంది. కుండ కుమ్మరి ఇంటి నుంచి రావాలి. దివిటీ పట్టేది చాకలి. డప్పు మాదిగది. కథ చెప్పి, పట్నం ముగ్గు వేసి, బలి గావు పట్టేది బైండ్ల పూజారి. వేపమండలు తేవడం, గుడి ముందు ఊడ్చడం, పొలి చల్లడం, ఒక్కొక్కటీ ఒక్కొక్క ఇంటి వంతు. తెగిన పొట్టేలులో తల ఎవరికి, తొడ ఎవరికి అన్నది కూడా ఊరూరికీ తేడాగా ఉన్నా ముందే తేలి ఉంటుంది. చాలా ఊళ్ళలో మొదటి బోనం పటేలు ఇంటిది. మిగతావాళ్ళు ఆ బోనం కదిలేదాకా నెత్తిన బరువుతో నిలబడాల్సిందే. ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి వెళ్ళి 1951-52లో శామీర్‌పేటను పరిశీలించిన మానవ శాస్త్రవేత్త ఎస్.సి. దూబే, 1955లో అచ్చయిన తన ‘ఇండియన్ విలేజ్’లో హైదరాబాద్ చుట్టుపక్కల ఊరి కొలువుల తీరును ఓపికగా నమోదు చేశాడు. మతం అనగానే వేదాలూ పురాణాలూ గుర్తొచ్చే చదువరులకు ఆ పుస్తకం మంచి మందు. ఊళ్ళో మతం అంటే ముందు పనుల పంపకం.

ఈ పంపకాన్ని హాజరు పట్టీగా చదవాలన్నది నా మాట. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎవరు ముందు నడిచారు, ఎవరు చేతులు కట్టుకున్నారు అన్నది ఏడాదికోసారి ఊరందరి కళ్ళముందు సరిచూస్తారు. రాకపోతే తప్పు. డప్పు కొట్టనంటే దేవతకు అపచారం. అపచారం చేసినవాడికి మరుసటి రోజు కూలికి పిలుపు రాదు, గింజలు అప్పు పుట్టవు. పైకి దేవుడి శిక్షలా కనబడేది లోపల దొర శిక్షే. అయితే దీన్ని దొరలు కూర్చుని అల్లిన కుట్రగా చెప్పడం తేలిక, కానీ నిజం కాదు. పటేలు కూడా పోచమ్మకు భయపడేవాడు. మశూచి, కలరా వచ్చిన ఏడు ఆయన బిడ్డలూ పోయేవాళ్ళు. నమ్మకం నిజమైనదే. ఆ నమ్మకం భూమి ఉన్న చోటికే ఒంగి పారింది.

జర్మనీ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ దీన్ని మరో వైపు నుంచి చూశాడు. కలిగినవాడు కలిగి ఉండటంతో తృప్తిపడడు, తనకు కలిగింది న్యాయంగానే కలిగిందన్న భరోసా కూడా కావాలంటాడు ఆయన. మన భాషలో చెప్పాలంటే పూర్వజన్మ సుకృతం. ఎదుటివాడి బాధ అయితే ప్రారబ్ధం. ఒకే సిద్ధాంతం ఇద్దరికీ రెండు పనులు చేసిపెడుతుంది.

పేదవాడికి మతం నోరిచ్చే రోజు కూడా ఒకటుంటుంది, అది మరచిపోతే లెక్క తప్పుతుంది. పూనకం వచ్చిన శివసత్తి ముందు పటేలు తలవంచుతాడు. పొద్దున అదే మనిషి ఆయన వాకిట్లో చెప్పులు చేత పట్టుకుని నడిచి ఉంటుంది. ఇప్పుడు ఆయన్ని ‘నువ్వు’ అంటుంది, నాకు ఈ ఏడు ఏం పెట్టావురా అని నిలదీస్తుంది, తప్పు ఒప్పుకోమంటుంది. ఆయన ఒప్పుకుంటాడు. ఆఫ్రికాలో ఇలాంటి తలకిందుల పండుగలను చూసిన మాక్స్ గ్లక్‌మన్ అనే మానవ శాస్త్రవేత్త, ఒక్కరోజు తిట్టనివ్వడం వల్ల మిగతా ఏడాది కట్టుబాటు ఇంకా గట్టిపడుతుందని 1950లలో వాదించాడు. చాలావరకు నిజమే. కానీ పూర్తిగా కాదనిపిస్తుంది. ఒక్కరోజైనా దొరను నిలదీసిన గొంతు తనదేనని ఆ మనిషికి గుర్తుంటుంది, చూసిన పిల్లలకూ గుర్తుంటుంది. ఎప్పటికో అది పనికొస్తుంది.

దేవత పేరున వచ్చే ఆ గొంతుకు దేవతకే విడిచిన ఆడవాళ్ళు చెల్లించిన వెల మాత్రం భయంకరమైనది. దేవదాసీ ఆచారానికి ఇక్కడి రూపమైన జోగిని వ్యవస్థ గురించి చెప్పకుండా ఈ విషయం ముగియదు. నిజామాబాద్, మహబూబ్‌నగర్ మొదలుకొని రంగారెడ్డి జిల్లా పడమటి పల్లెల దాకా మాల మాదిగ ఆడపిల్లలను ఎల్లమ్మకో పోచమ్మకో విడిచేవారు. పిల్లకు జబ్బు చేస్తేనో, జుట్టు జడలు కడితేనో, ఇంట్లో మగసంతానం లేకపోతేనో తల్లి మొక్కుకుంటుంది. దేవతతో పెళ్ళి జరుగుతుంది, మెడలో పుస్తె పడుతుంది. పేదింటికి ఆ తంతు ఖర్చు ఎక్కడిది? పెట్టేది ఊళ్ళో కలిగినవాడు. పిల్ల ఈడేరాక మొదటి హక్కు ఆయనది.

ఇక్కడ మతం ఏం పని చేసిందో నెమ్మదిగా చూడాలి. ఒక భూస్వామి పేదింటి పిల్లను చెరబడితే అది నేరం, కనీసం పాపం. దేవత సొత్తయిన పిల్ల దగ్గరికి పోతే అది ఆచారం. బిడ్డలు పుడితే తండ్రి పేరు అడిగేవారు లేరు. పోషణ ఖర్చు లేదు. అన్నిటికన్నా ముఖ్యం, వారసత్వం లేదు. దొర రక్తం పంచుకున్న పిల్లలు దొర పొలంలోనే కూలికి పోతారు, ఒక్క కుంట భూమి కూడా చేయి జారదు. కుల కట్టుబాటు మంట కలవకుండా, ఆస్తి చీలిపోకుండా, మగవాడి కోరిక తీరే దారి ఇది. ఆ తంతు మొత్తంలో లాభపడనిది ఆ పిల్లా, ఆమె తల్లీ. జోగినిని ఊరేగింపుల్లో, శవాల ముందు ఆడించేవారు. పెళ్ళిళ్ళకు మాత్రం నిత్యసుమంగళి అని ముందు పిలిచేవారు. ఈ గౌరవాన్ని చూపించి ‘దేవదాసీలకు మన సంస్కృతిలో ఎంత మర్యాదో’ అని ఇప్పటికీ రాసేవాళ్ళున్నారు. మర్యాదతో పాటు ఎంత భూమి వచ్చిందో కూడా రాస్తే బాగుంటుంది.

కవి గుర్రం జాషువా కూతురు హేమలతా లవణం నిజామాబాద్ జిల్లాలో ఏళ్ళ తరబడి తిరిగి, జోగినులతో కలిసి ఈ ఆచారం మీద పోరాడింది. 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దేవదాసీలను విడవడాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. హైదరాబాద్‌లో ఈ మాట అంతకు చాలా ముందే లేచింది. మాల కుటుంబంలో 1888లో పుట్టిన భాగ్యరెడ్డి వర్మ, 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, వాడవాడలా హరికథలూ భజనలూ చెప్పిస్తూ జోగిని ఆచారాన్నీ, జంతుబలినీ, తాగుడునూ మానమన్నాడు. దళితులే ఈ నేలకు ఆది హిందువులని ఆయన వాదం. ఉన్న దేవుణ్ణి వదిలేయమనకుండా ఆ దేవుడి దగ్గర తమ వరుస మార్చుకోవడం ఆయన ఎంచుకున్న దారి.

మతమూ వర్గమూ ఒకటే అనుకునేవాళ్ళకు నిజాం రాజ్యం ఒక చిక్కుముడి. రాజు ముస్లిం. కానీ పల్లెను పిండి పన్ను వసూలు చేసిన దొరల్లో ఎక్కువమంది రెడ్డి, వెలమ దేశ్‌ముఖ్‌లు. జాగీర్లు ముస్లిం అమీర్లకూ ఉన్నాయి, హిందూ సంస్థానాధీశులకూ ఉన్నాయి, గుళ్ళకూ దర్గాలకూ ఉన్నాయి. పల్లెలో దూదేకులవాడో, చిన్న తురక కూలీయో రాజు మతంవాడే అయినా పటేలు ముందు నిలబడేది దళితుడి పక్కనే. పీర్ల పండుగకు అలావా గుండం చుట్టూ అందరూ ఆడతారు, హిందువులే పీర్లు ఎత్తుతారు. ఇది మతసామరస్యం అని మురిసిపోతాం. మురవదగ్గదే. అయితే ఆ పండుగలోనూ ఎవరి వాకిట్లో పీరు ముందు ఆగాలో లెక్క ఉండేది.

1930లు వచ్చేసరికి దళితుల సంఖ్య రాజకీయమైంది. ముస్లిం నాయకుడు బహదూర్ యార్ జంగ్ ఇస్లాంలోకి రమ్మని ప్రచారం చేస్తే, ఆర్యసమాజం శుద్ధి చేసి వెనక్కి తెచ్చుకోవాలని చూసింది. ఇద్దరికీ తలల లెక్క కావాలి. కలమా చదివినా జంధ్యం వేసినా ఆ మనిషి సాయంత్రానికి చేరేది అదే వెట్టికి.

భూమి ప్రశ్న సూటిగా లేచింది 1946-51 తెలంగాణ సాయుధ పోరాటంలో. దానికి మతం భాషలో వచ్చిన జవాబు భూదానం. 1951 ఏప్రిల్‌లో హైదరాబాద్ శివార్లలోని శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనానికి వచ్చిన వినోబా భావే, అక్కణ్ణుంచి కాలినడకన బయలుదేరి ఏప్రిల్ 18న పోచంపల్లి చేరాడు. ఇబ్రహీంపట్నానికి దగ్గరి ఊరే. నలభై దళిత కుటుంబాలు ఎనభై ఎకరాలు అడిగాయి. ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇస్తానన్నాడు. ఆ క్షణం గొప్పదే, ఇచ్చిన మనిషీ మంచివాడే. కానీ గమనించండి, హక్కుగా అడిగిన భూమి దానంగా చేతికొచ్చింది. దానంలో పుణ్యం ఇచ్చినవాడికి పోతుంది, పుచ్చుకున్నవాడు రుణపడతాడు. పైగా దానం ఇచ్చిన దాంట్లో రాళ్ళూ రప్పలూ ఎన్నో. 1965లో భూదాన చట్టం, బోర్డు వచ్చాయి. హైదరాబాద్ పెరిగి ఎకరం కోట్లు పలికే రోజు వచ్చేసరికి ఇదే రంగారెడ్డి జిల్లాలో, మహేశ్వరం మండలం నాగారం వంటి చోట్ల, భూదాన భూములు ఎవరివన్న తగాదాలు హైకోర్టుకు ఎక్కాయి.

ఇబ్రహీంపట్నంలో భూమిని హక్కుగానే అడగాలన్న ప్రయత్నం 1980ల మధ్యలో జరిగింది. విప్లవ రాజకీయాల నుంచి బయటికి వచ్చి, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ నడిపిన గీతా రామస్వామి ఇక్కడి పల్లెల్లో మాదిగ కూలీల మధ్య పనిచేసింది. ఇబ్రహీంపట్నం తాలూకా వ్యవసాయ కూలీ సంఘం అలా పుట్టింది. అప్పు కింద దొరల దగ్గర జీతం ఉన్నవాళ్ళను విడిపించడం, కూలి పెంచడం, దొరల చేతిలో ఉన్న భూములను పేదల పేరుకు తేవడం దాని పని. తుపాకీకి బదులు 1976 వెట్టి చాకిరీ రద్దు చట్టం, భూపరిమితి చట్టం, రెవెన్యూ రికార్డులు దాని ఆయుధాలు. ఆ కథంతా ఆమె 2022లో ‘ల్యాండ్ గన్స్ కాస్ట్ ఉమన్’ అన్న ఆత్మకథలో రాసింది. వేల ఎకరాల మీద కొట్లాట జరిగింది, కొట్లాటకు తగ్గ దెబ్బలూ తగిలాయి.

జీతం మాన్పించడం ఎందుకంత కష్టం? అప్పు ఒక్కటే కారణమైతే అప్పు చెల్లిపోయినట్టు కాగితం ఇస్తే సరిపోవాలి. కానీ తాతల నాడు ఆ గడప ఉప్పు తిన్నామన్న మాట ఒకటుంటుంది. ఉప్పు తిన్న గడపకు ద్రోహం చేస్తే కళ్ళు పోతాయన్న భయం ఉంటుంది. దేవుడి సాక్షిగా చేసిన బాస ఉంటుంది. చట్టం కాగితాన్ని రద్దు చేస్తుంది, బాసను రద్దు చేయలేదు. అది జరగాలంటే పక్కవాళ్ళు పదిమంది కలిసి నిలబడాలి, నిలబడినా కళ్ళు పోలేదని చూడాలి. సంఘం అక్కరకొచ్చేది అక్కడే.

దేవుడి పేరు భూమిని కాపాడే కంచె అయిన కథలు దేశమంతా ఉన్నాయి. 1973 నాటి మన భూపరిమితి చట్టం మత, ధర్మ సంస్థలకు మినహాయింపు ఇచ్చింది. బీహార్‌లో బోధ్‌గయ శైవ మఠం వేల ఎకరాలను దేవుళ్ళ పేర్లు, ట్రస్టుల పేర్లు పెట్టి నిలుపుకుంది. 1978 నుంచి అక్కడి భూమిలేని భుయియా కూలీలు పోరాడి వెయ్యి ఎకరాలకు పైగా సాధించారు, అందులో కొంత ఆడవాళ్ళ పేర్ల మీదే పట్టా చేయించుకున్నారు. ఆ చివరి సంగతి మన దగ్గర ఇంకా తగినంత వినబడలేదు.

భూమి కొద్దిగా కదిలితే కొలువులూ కదులుతాయి. డప్పునే తీసుకోండి. చావుకూ జాతరకూ ఊరు పిలిస్తే వెళ్ళి కొట్టాల్సిన వెట్టి అది. 1994లో మంద కృష్ణ మాదిగ నాయకత్వంలో, రిజర్వేషన్లలో మాదిగల వాటా కోసం దండోరా ఉద్యమం మొదలైనప్పుడు అదే డప్పు ఊరేగింపు ముందుకొచ్చింది. ఎన్నో పల్లెల్లో చావు డప్పు మానేశారు, కొట్టినా రేటు మాట్లాడుకుని కొట్టారు. వాయిద్యం అదే, తోలు అదే. పిలిచేవాడు మారాడు.

చర్చి దారి పట్టినవారి కథ వేరు. ఆదివారం ప్రార్థనకు పోయే దళితుడు సర్టిఫికెట్‌లో హిందువుగానే ఉండాల్సి వస్తుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులం గుర్తింపు హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుడినని రాయిస్తే ఆ గుర్తింపు పోయి బీసీ-సి కింద ఒక్క శాతంలో పోటీపడాలి. నమ్మకానికి ప్రభుత్వం కట్టిన ధర ఇది.

గుడి లోపలా వర్గాలున్నాయి. 1987 దేవాదాయ చట్టం వంశపారంపర్య ధర్మకర్తల, మిరాశీదారుల, అర్చకుల హక్కులను రద్దు చేసింది. 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అర్చకుల విషయంలో 2007లో కొంత సడలించారు. బ్రాహ్మణ పెత్తనం పోయిందని కొందరు సంతోషించారు, ధర్మం నాశనమైందని కొందరు ఏడ్చారు. ఇద్దరూ పల్లెటూరి అర్చకుణ్ణి చూడలేదు. ధూపదీప నైవేద్యం కింద నెలకు వచ్చే భత్యంతో ఇల్లు గడుపుకునే ఆయనకు పెత్తనం ఎక్కడిది? దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని సామెత. మా ప్రాంతంలో చాలాకాలం దేవుడూ పూజారీ ఇచ్చినా దొర ఇవ్వలేదు.

ఇప్పుడు దొరలు గడీల్లో లేరు. ఆదిభట్లలో సాఫ్ట్‌వేర్, విమాన భాగాల కంపెనీలు వచ్చాయి, ఔటర్ రింగ్ రోడ్డు పడింది, సాగర్ రోడ్డు రెండు పక్కలా వెంచర్లు వెలిశాయి. చెరువు కింది మడి కన్నా రోడ్డు పక్కన ఖుష్కికే ధర ఎక్కువ. దాంతోపాటు ఊళ్ళలో గుళ్ళ పని ఊపందుకుంది. ముఖ్యంగా బొడ్రాయి పండుగ. ఊరి నడిబొడ్డున పాత రాయి తీసి కొత్తది నిలుపుతారు. ఊరి ఆడబిడ్డలందరినీ పిలిచి ఒడిబియ్యం పోస్తారు. పొలిమేర కట్టి, బయటివారిని రానివ్వరు. ఒకప్పుడు బైండ్లవాళ్ళు ఒక రాత్రిలో ముగించిన తంతుకు ఇప్పుడు యాగశాల, మూడు రోజుల హోమం, వేదపండితులు, ఫ్లెక్సీలు తోడయ్యాయి. పెట్టుబడి ఎక్కువగా ప్లాట్ల వ్యాపారం చేసేవాళ్ళది, ఎన్నికల్లో నిలబడాలనుకునేవాళ్ళది. నల్లరాతి ఫలకం మీద దాతల పేర్లు పడతాయి.

ఆడబిడ్డలు అన్ని కులాల నుంచీ వస్తారు, ఏళ్ళ తర్వాత చిన్ననాటి దోస్తులు కలుస్తారు, అందుకే జనం ఈ పండుగను మనసారా ఇష్టపడతారు. అది డబ్బుతో వచ్చేది కాదు. చందా మాత్రం ఇంటికింత అని సమానంగా రాస్తారు, కూలికి పోయే ఇంటికీ వెంచర్ వేసిన ఇంటికీ అంతే. నిజామాబాద్ వైపు గ్రామాభివృద్ధి కమిటీలు ఇలాంటి కట్టడి కాదన్న కుటుంబాలను వెలివేసిన సంఘటనలు పేపర్లలో చాలాసార్లు వచ్చాయి. రాత్రి పూట రక్తం కలిపిన పొలి బియ్యం పట్టుకుని పొలిమేర చుట్టూ పరుగెత్తేది ఇప్పటికీ దళితవాడ మనిషే. పరుగెత్తడానికి మేమైతే, కమిటీలో సంతకం పెట్టడానికి, చందా పుస్తకం పట్టుకోవడానికి కూడా మేమే ఎందుకు కాకూడదని కొన్ని ఊళ్ళలో కుర్రాళ్ళు అడుగుతున్నారు. పెద్దమనుషులు ముందు రాయి నిలబెడదాం, ఆ మాట తర్వాత చూద్దాం అంటున్నారు.